పెంకులు లేచాయా? కారణం కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

ఈదురుగాలి వచ్చి వెళ్ళిన మర్నాడు నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "పెంకులు లేచిపోయాయి, సిమెంటు పెట్టించెయ్యమంటారా?" వద్దండీ. పెంకు ఊరికే లేవదు. దాని కింద బద్ద వంగి ఉంటుంది, లేదా ముక్కు విరిగి ఉంటుంది, లేదా గాడిలో చెత్త చేరి ఉంటుంది. కారణాన్ని అలాగే ఉంచి పైన సిమెంటు పూస్తే ఒక్క వానాకాలం ఆగుతుంది. రెండో ఏడు ఆ సిమెంటే పగిలి, పక్క పెంకులను కూడా పట్టి లేపుతుంది.

ఇక్కడ చెప్పేదంతా మంగుళూరు పెంకుల గురించి. చాలా ఊళ్ళలో బంగాళా పెంకులు అంటారు. గూన పెంకుల కప్పు వేరు. వాటికి గాడులు ఉండవు కాబట్టి వరసంతా విప్పి మళ్ళీ నేయించాల్సిందే.

## 1. ముందు పెంకు ఎలా కూర్చుంటుందో చూడండి

ఒక విడి పెంకు చేతిలోకి తీసుకుని తిరగేయండి. పై అంచు దగ్గర వెనకవైపు పొడుచుకొచ్చిన చిన్న దిమ్మలు కనిపిస్తాయి. వాటిని ముక్కులు అందాం. వాసాల మీద అడ్డంగా కొట్టిన సన్న బద్దలకు, అంటే రీపర్లకు, పెంకు ఈ ముక్కులతోనే వేలాడుతుంది. మేకులు ఉండవు. దాదాపు 16 అంగుళాల పొడవు, 9 అంగుళాలకు కాస్త ఎక్కువ వెడల్పు ఉండే పెంకుని బద్ద మీద నిలబెట్టేవి ఆ ముక్కులు, దాని సొంత బరువు మాత్రమే.

ఒక పక్క అంచున గాడి ఉంటుంది, రెండో పక్క గట్టు ఉంటుంది. ఒక పెంకు గట్టు పక్క పెంకు గాడి మీద కూర్చుంటుంది. పై వరస కింది అంచు కింది వరస తల మీద కూర్చుంటుంది. ఈ రెండు కూర్పుల్లో ఏది వదులైనా పెంకు లేచినట్టే.

గాలి పెంకుని ఎదురుగా నెట్టి లేపుతుందనుకుంటాం. ఎక్కువసార్లు జరిగేది వేరు. రెండు వాలులు కలిసే పై అంచుని, అంటే కొప్పుని, దాటిన గాలి అవతలి వాలు మీద పెంకులను పైకి పీలుస్తుంది. అదే సమయంలో గాలివైపు తలుపు తెరిచి ఉంటే లోపల గాలి నిండి కింద నుంచి తోస్తుంది. అందుకే గాలి తగిలిన వైపు బాగానే ఉండి, వెనక వాలులో పెంకులు చెదిరిపోతాయి. కొప్పు పక్కన, చూరు దగ్గర, పక్కగోడల అంచుల్లో ఈ పీల్పు బలంగా ఉంటుంది. వెతకడం అక్కడి నుంచే మొదలుపెట్టండి.

## 2. పైకెక్కకముందు ఇంట్లోంచి చూడండి

మా ఇంట్లో నాన్నగారు ఏటా ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దీనికే కేటాయించేవారు. తలుపులు, కిటికీలు మూసి, లైట్లు ఆర్పి, మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టేవారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక నేల మీద ఒక్కొక్కటే రూపాయి బిళ్ళంత ఎండ కనిపించేది. ఆ బిళ్ళలో దుమ్ము తేలుతూ ఉండేది. దుమ్ము గీత వెంట చూపు పైకి పోనిస్తే సరిగ్గా లేచిన పెంకు దగ్గర ఆగేది. నాన్నగారు స్టూలెక్కి ఆ బద్ద మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. ఇంతకంటే మంచి పరీక్ష నాకు ఇప్పటికీ తెలియదు.

మీరు చేయాల్సిన వరస ఇది:

- మిట్టమధ్యాహ్నం గది చీకటి చేసి 5 నిమిషాలు ఆగండి.
- పెంకుల మధ్య వెంట్రుక గీతలా కనిపించే వెలుతురు మామూలే. నేల మీద ఎండ బిళ్ళ పడితే, లేదా ఆకాశం కనిపిస్తే, అది చూడాల్సిన చోటు.
- సుద్దతో బద్ద మీద గుర్తు పెట్టండి. కాగితం మీద "చూరు నుంచి 4వ వరస, ఎడమ గోడ నుంచి 7వ పెంకు" అని రాయండి. పైకెక్కాక అన్ని పెంకులూ ఒకేలా కనిపిస్తాయి, ఈ లెక్కే దారి చూపిస్తుంది.
- ఎండ ఒకవైపు వాలు మీదే సూటిగా పడుతుంది. రెండో వాలుకి వేరే పూట ఇంకోసారి చూడండి.

వాన కారిన మరకలు వేరే కథ చెబుతాయి. చుక్క పడిన చోటే పైన పెంకు లేచిందనుకోకండి. నీళ్ళు బద్ద వెంట, వాసం వెంట జారి, ఎక్కడో గంటు తగిలిన చోట రాలతాయి. చెక్క మీద తెల్లటి అంచుతో ఉన్న మరకని పట్టుకుని పైకి వెళ్ళండి. అన్నింటికంటే ఎత్తున ఉన్న మరకకు కాస్త పైనే తప్పు ఉంటుంది.

చివరిగా, ఒక వెదురు కర్ర కొసకి గుడ్డ చుట్టి, అనుమానం ఉన్న పెంకుని కింద నుంచి మెల్లగా తట్టండి. బాగా కూర్చున్న పెంకు కొంచెం లేచి మళ్ళీ అదే చోట "టక్" మని దిగుతుంది. ముక్కు విరిగినదైతే కిందికి జారుతుంది. అసలు కదలకపోతే పైన ఎవరో సిమెంటు పెట్టారని అర్థం.

## 3. బయట నుంచి చూసే వేళ

పొద్దున్నే, లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి. లేచిన పెంకు తన కింది వరస మీద మందమైన నీడ వేస్తుంది. పక్కవాళ్ళ డాబా మీద నుంచి ఫోన్‌లో జూమ్ చేసి వీడియో తీస్తే ఇంకా మేలు, ఇంట్లో కూర్చుని నిదానంగా చూసుకోవచ్చు.

చూరు చివర నిలబడి వరస వెంట కన్ను పెట్టి చూడండి. గీత తిన్నగా ఉందా, మధ్యలో కుంగిందా? కుంగితే పెంకుల పని పక్కన పెట్టండి, అది వాసం పని.

## 4. లక్షణాన్ని బట్టి కారణం

ఒక్క పెంకు జారి, దాని పైది లేచింది. ముక్కు విరిగింది. కొబ్బరికాయ, కొబ్బరి మట్ట, కోతుల గుంపు, పైన నడిచిన మనిషి, వీటిలో ఏదో ఒకటి కారణం. పెంకు మార్చాలి.

అడ్డంగా ఒక వరస మొత్తం తోకలు, అంటే పెంకుల కింది అంచులు, లేచాయి. బద్ద మెలి తిరిగింది, లేదా మేకు ఊడి బద్ద పైకొచ్చింది, లేదా మధ్యలో మార్చినప్పుడు మందమైన బద్ద వేశారు.

చూరు వరస కిందికి వాలి, రెండో వరస నోరు తెరిచింది. చివరి బద్ద ఎత్తు చాలలేదు. చూరు వరసకి కింద ఇంకో పెంకు ఉండదు కదా, అందుకని అక్కడి బద్ద మిగతావాటికంటే దాదాపు ఒక పెంకు మందం ఎత్తుగా ఉండాలి. కొత్తగా బద్దలు మార్చిన ఇళ్ళలో ఈ తప్పు చాలా చూశాను.

కొత్తగా వేసిన పెంకుల దగ్గరే లేచింది. వేరే కంపెనీ పెంకు. బయటికి ఒకేలా ఉన్నా గాడి లోతు, గట్టు దూరం కలవవు.

చెట్టు నీడన ఉన్న చోట లేచింది. గాడుల్లో వేపాకు, దుమ్ము, నాచు గట్టిపడ్డాయి. ఉడత గూడు కావచ్చు. రావి మొక్క ఉందేమో చూడండి. వేరు వేలంత లావు కాకముందే తీసేయాలి.

కేబుల్ తీగ, డిష్ తీగ దూర్చిన చోట లేచింది. ఆ తీగను గోడ మీదుగా మళ్ళించండి, పెంకు దానంతట అదే కూర్చుంటుంది.

చేప పొలుసుల్లా ఒక భాగమంతా విచ్చుకుంది. వాసం కుంగింది. స్క్రూడ్రైవర్ కొసతో వాసాన్ని గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెదలు. ఇది సొంతంగా చేసుకునే పని కాదు, వడ్రంగిని పిలవండి.

## 5. మబ్బు పట్టిందా? ముందు ఈ తాత్కాలిక పని

మరమ్మతుకి సంక్రాంతి తర్వాత నుంచి వేసవి గాలివానలు మొదలయ్యేలోపు మంచి సమయం. కానీ అవసరం ఎప్పుడూ వాన ముందే వస్తుంది.

ఒకటి రెండు పెంకులే అయితే పాత నూనె డబ్బా రేకుని 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పున కత్తిరించండి. పై అంచుని అంగుళం మేర వెనక్కి మడవండి. ఇంట్లోంచే లేచిన పెంకుని కాస్త ఎత్తి, ఈ రేకుని దాని కిందికి పోనిచ్చి, మడతను బద్దకి తగిలించండి. రేకు కింది అంచు తప్పకుండా కింది వరస పెంకు మీదికి రావాలి. ఇంట్లోకి తిరిగితే నీళ్ళను మీరే ఇంట్లోకి పిలిచినట్టు.

ఎక్కువ పెంకులు పోతే టార్పాలిన్ పరిచి, కొప్పు మీదుగా అవతలికి వేసి, తాళ్ళు కింద వాసాలకి కట్టండి. టార్పాలిన్ ఎగరకుండా ఇటుకలు, రాళ్ళు పెట్టకండి. గాలికి అవే దొర్లి పెంకులు పగలగొడతాయి, కింద నిలబడ్డ మనిషి తల మీదా పడతాయి.

## 6. సామాను

- సరిపోయే పెంకులు: కావాల్సిన వాటికంటే 10 ఎక్కువ
- 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం బద్దలు. పాతవి వేరే కొలతలో ఉంటే ఆ కొలతే తీసుకోండి
- రెండున్నర అంగుళాల మేకులు, డ్రిల్లు
- తుప్పు త్వరగా పట్టని జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ), 16 లేదా 18 గేజీ, కటింగ్ ప్లేయరు
- చెక్క చీలికలు 4, పెంకులను ఎత్తి ఆపడానికి
- కొబ్బరి పుల్లల చీపురు, గట్టి బ్రష్షు
- చేతి తొడుగులు, కళ్ళద్దాలు, టార్చి. పెంకుల కింద తేళ్ళు, కందిరీగలు ఉండడం మామూలే
- పైకెక్కాల్సి వస్తే రెండు నిచ్చెనలు, నడుముకి తాడు, కింద ఒక మనిషి

పెంకుల ఎంపిక దగ్గర కాస్త ఓపిక పట్టండి. పాత ఇళ్ళు కూల్చిన చోట దొరికే పెంకులు చాలాసార్లు కొత్తవాటికంటే బాగా కలుస్తాయి. మీ ఇంటి పెంకు ఒకటి పట్టుకెళ్ళండి. వెనక కంపెనీ పేరు అచ్చు ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత రెండు కర్రలు నేల మీద పెట్టి, మీది ఒకటి, అక్కడివి మూడు కలిపి నాలుగు పెంకులు కప్పు మీద పరిచినట్టు పరవండి. ఊగకుండా కూర్చుంటేనే కొనండి.

ఒక్కో పెంకుని ఎడమచేత్తో వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టండి. "ఖంగ్" మంటే మంచిది. చప్పుడు బొంగురుగా వస్తే కంటికి కనిపించని బీట ఉందని లెక్క.

## 7. ఎక్కాల్సి వస్తే

సగం పనులు ఇంట్లోంచే అయిపోతాయి, కింద చెబుతాను. కొప్పు, చూరు పనికి మాత్రం ఎక్కక తప్పదు.

పెంకులు తడిగా ఉంటే, నాచు పట్టి ఉంటే, గాలి వీస్తుంటే ఎక్కకండి. ఇంటికి వచ్చే కరెంటు సర్వీసు వైరు ఎటు పోతోందో ముందే చూసుకోండి. వైరు పైపొర చిట్లి పెంకులకో, జీఐ తీగకో తగులుతుంటే లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా పని మొదలుపెట్టొద్దు. ఇంట్లో మెయిన్ ఆపినా సర్వీసు వైరులో కరెంటు ఉంటుందని మర్చిపోకండి.

ఒక నిచ్చెన గోడకి, రెండోది కప్పు మీద వాలుగా పరిచి, దాని పై కొసను తాడుతో అవతలి వైపు గట్టి వాసానికి కట్టండి. ఆ నిచ్చెన మెట్ల మీదే నడవండి. పెంకు మీద కాలు పెట్టక తప్పకపోతే, మధ్యలో కాకుండా కింది అంచు దగ్గర, రెండు వరసలు కలిసే చోట పెట్టండి. అక్కడ కింద బద్ద ఉంటుంది. పెంకు మధ్యలో కింద ఏమీ ఉండదు.

65 దాటిన పెద్దవాళ్ళు, బీపీకో నిద్రకో మందులు వాడేవాళ్ళు ఎక్కొద్దు. ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను. పెంకుకి బదులు పెంకు దొరుకుతుంది.

## 8. ఇంట్లోంచే పెంకు మార్చడం

లోపల సీలింగు లేని ఇళ్ళలో ఇదే నేను చేసే పద్ధతి. గట్టి బల్ల కానీ పరంజా కానీ వేసుకోండి. గచ్చు మీద పాత దుప్పటి పరవండి, మట్టి బాగా రాలుతుంది.

1. తీయాల్సిన పెంకుకి పైన ఉన్న రెండు పెంకుల తోకలను 2 అంగుళాలు ఎత్తి, చెక్క చీలికలు పెట్టి ఆపండి.
2. దాని గాడి మీద కూర్చున్న పక్క పెంకుని కూడా కాస్త ఎత్తండి.
3. ఇప్పుడు తీయాల్సిన పెంకు తలని ఎత్తి ముక్కుని బద్ద నుంచి తప్పించండి. రెండు చేతులూ దాని మీదే ఉండాలి. తడిస్తే పెంకు బరువు ఇంకా పెరుగుతుంది.
4. పెంకుని పొడవు బద్దకి సమాంతరంగా వచ్చేలా అడ్డంగా తిప్పండి. రెండు బద్దల మధ్య సందులోంచి కిందికి దిగుతుంది. నిలువుగా లాగితే రాదు, బలవంతం చేస్తే పక్కది పగులుతుంది.
5. ఖాళీ అయిన చోట చుట్టూ ఉన్న పెంకుల గాడులు బ్రష్షుతో శుభ్రం చేయండి. ఈ ఒక్క మెట్టు వదిలేసే వాళ్ళే ఎక్కువ. గాడిలో ఇసుక రేణువంత గట్టి మట్టి ఉన్నా కొత్త పెంకు కూర్చోదు.
6. కొత్త పెంకుని అదే దారిలో అడ్డంగా పైకి పంపి, తిప్పి, ముక్కుని బద్దకి తగిలించండి. పక్క గాడులు కలిశాక చీలికలు తీసి పై తోకలు దించండి.
7. అరచేత్తో కింద నుంచి ఒకసారి ఎత్తి వదలండి. "టక్" మని అదే చోట దిగాలి.

దిగకుండా ఊగితే పెంకుని రాసి, కొట్టి సర్దాలని చూడకండి. ఇంకో పెంకు పెట్టి చూడండి. రెండోదీ ఊగితే తప్పు బద్దలో ఉంది.

## 9. బద్ద సరిచేయడం

విడి పెంకులు రెండు నేల మీద, కప్పు మీద పై వరస, కింది వరస కూర్చున్నట్టు కూర్చి, ఒక దాని ముక్కు నుంచి రెండో దాని ముక్కు వరకు కొలవండి. సాధారణంగా 12న్నర అంగుళాల దగ్గర వస్తుంది, మీ పెంకులకు ఎంత వస్తే అదే కొలత. ఒక కర్రముక్క ఆ కొలతకి కోసుకుని బద్దల మధ్య పెట్టి చూసుకోండి. బద్దలు దగ్గరైతే తోకలు లేస్తాయి, దూరమైతే పై పెంకు కింది పెంకుని కప్పే మేర తగ్గి గాలివానకి నీళ్ళు ఎదురెక్కుతాయి.

- మేకు ఊడితే పాత బెజ్జంలోనే మళ్ళీ కొట్టకండి. అంగుళం పక్కన డ్రిల్లుతో సన్న బెజ్జం చేసి కొట్టండి.
- మెలి తిరిగిన బద్దని ఆ వరస పెంకులు తీసి మొత్తం మార్చండి. అతుకు వేయాల్సి వస్తే వాసం మీదే రావాలి, గాలిలో కాదు.
- కొత్త బద్దకి నాలుగు వైపులా, కోసిన కొసలకి కూడా చెదల మందు పూసి ఆరనిచ్చి వాడండి.
- చూరు బద్ద ఎత్తు చాలకపోతే దాని కింద సన్న చెక్కపట్టీ వేసి ఎత్తు పెంచండి.

## 10. తీగ కట్టడం

చాలా పెంకులకు వెనకవైపు దిమ్మలో తీగ కోసం బెజ్జం ఉంటుంది. చాలా ఇళ్ళలో అది ఖాళీగానే ఉండిపోతుంది. బెజ్జంలోంచి తీగ పోనిచ్చి బద్ద చుట్టూ తిప్పి, కొసలు మెలేయండి. మెలిక బద్ద కిందివైపు రావాలి, కొస లోపలికి మడవాలి, లేకపోతే చేతికి గీసుకుంటుంది.

తీగ బిగువుగా ఉండాలి, కానీ పెంకుని కిందికి గుంజేంత కాదు. గుంజితే తల దిగి తోక లేస్తుంది, మనం బాగుచేయాలనుకున్న తప్పే మళ్ళీ చేసినట్టవుతుంది.

అన్నింటికీ కట్టే ఓపిక లేకపోతే చూరు నుంచి రెండు వరసలు, పక్క అంచుల్లో రెండేసి, కొప్పుకి ఇరువైపులా ఒక్కో వరస తప్పనిసరి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం దగ్గరలో ఉన్నవాళ్ళు అక్టోబరు రాకముందే అన్ని పెంకులకూ కట్టుకోవడం మంచిది.

## 11. కొప్పు పెంకులు

సిమెంటు, సున్నం వాడాల్సిన చోటు ఇదొక్కటే. వదులైన కొప్పు పెంకుని ఎత్తి పాత గార మొత్తం గీకేయండి. పాత దాని మీదే కొత్తది పెడితే పట్టదు. పెంకునీ, కింద వరసనీ నీళ్ళతో తడపండి. ఎండిన పెంకు గారలోని నీళ్ళు లాగేసి దాన్ని పొడి చేస్తుంది.

1 పాలు సిమెంటు, 1 పాలు సున్నం, 6 పాళ్ళు ఇసుక కలపండి. సిమెంటు ఎక్కువైతే గట్టిగా ఉంటుందనుకుంటారు, కానీ ఎండకి పెంకు సాగినప్పుడల్లా అది చిట్లుతుంది. కొప్పు పెంకు రెండు అంచుల కింద మాత్రమే గార పెట్టండి, లోపలంతా నింపకండి. బయటికి వచ్చిన గారని వెంటనే తాపీతో కోసి, అంచుకి కాస్త లోపలికి నొక్కండి. వారం రోజులు తడి గోనెసంచి కప్పి ఉంచండి.

## 12. నీళ్ళ పరీక్ష

గార ఆరాక పైపు పెట్టి చూడండి. ఒకరు పైన నీళ్ళు వదిలితే, ఒకరు లోపల టార్చితో చూడాలి. చూరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో వరస పైకి వెళ్ళండి, ఒక్కో చోట 5 నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తేలదు. నీళ్ళు వానలా వాలు వెంట పారాలి. పైపుని కింద నుంచి పెంకుల సందుల్లోకి ఎగజిమ్మితే ఎంత మంచి కప్పైనా కారుతుంది.

కారితే:

- పెంకు నడిమధ్య చెమ్మ పడితే పెంకులోనే బీట ఉంది. మార్చండి.
- పక్క అతుకు దగ్గర చుక్కలు పడితే గాడి మూసుకుంది. తీసి శుభ్రం చేయండి.
- బద్ద వెంట తడి వస్తే పై వరస తోక ఇంకా లేచే ఉంది. బద్దల దూరం మళ్ళీ కొలవండి.

## 13. మిగిలిన పెంకులు

పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. గోడకి ఆనించి, నేల మీద రెండు కర్రలు వేసి, వాటి మీద పుస్తకాల్లా నిలువుగా పేర్చండి. పడుకోబెట్టి దొంతరగా పెడితే అడుగువాటి ముక్కులు విరుగుతాయి. మొదటి పెంకు మీద మీరు కొలిచిన ముక్కుల దూరం సుద్దతో కాకుండా పెయింటుతో రాసి పెట్టండి. పక్కనే ఆ వరసల లెక్క రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి ఉంచండి.